వీధి మధ్య చుక్క

ఆ ఎండాకాలం మా ఇంట్లో అన్నం బల్ల మీద అన్నం తినడం మానేశాం. బల్ల ఒక కొసన అక్క కంప్యూటరు, రెండో కొసన నాది. మధ్యలో వైర్లు, చార్జర్లు, నా సర్వే పరికరం, అక్క తాగడం మర్చిపోయిన టీ కప్పులు. అమ్మ కంచాలు పట్టుకుని వచ్చి కాసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసేది. "ఇది ఇల్లో ఆఫీసో ఎవరో ఒకరు చెప్పండి. ఇల్లయితే అన్నం పెడతాను, ఆఫీసయితే నాకూ ఓ జీతం పడెయ్యండి" అనేది. చివరికి ముగ్గురం వంటింటి గట్టు దగ్గర నిలబడి తినేవాళ్ళం.

ఊరి నీటి సరఫరా మొత్తాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే పని అది. భూమి కింద ఏ పైపు ఎటు పోతోంది, వాల్వు ఎక్కడుంది, ఏ ఇంటికి ఎన్ని నీళ్ళు చేరుతున్నాయి, అన్నీ ఒక్క మ్యాపులో కనపడాలి. నీళ్ళ ఆఫీసు ఈ పనిని రెండు కంపెనీలకి పంచింది. వీధులు తిరిగి, వాల్వుల గుంతలు తెరిచి చూసి మ్యాపు గీసే కంపెనీలో నేను. ఆ మ్యాపు మీద నీళ్ళు ఎంత ఒత్తిడితో, ఎటు పారతాయో లెక్కకట్టే కంపెనీలో అక్క. ఆ లెక్కనే మోడల్ అనేవాళ్ళు. అక్కాచెల్లెళ్ళం ఇలా ఒకే పనిలో చెరో వైపు పడడం ఎవరూ అనుకుని చేసింది కాదు గానీ, ఆఫీసులో అందరికీ మేం మంచి కాలక్షేపం. "పైపు చెల్లిది, నీళ్ళు అక్కవి" అని నవ్వేవాళ్ళు. నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధం ఎందుకు? దేవుడే లెక్క తప్పినా మా అక్క ఎర్రపెన్నుతో దిద్ది పంపిస్తుందని నా నమ్మకం.

నాది నోరు, అక్కది ఓపిక. నేను ఎండలో తిరిగి మాడి మసై ఇంటికొచ్చి చెప్పులు ఓ మూలకి, సంచీ ఓ మూలకి విసిరితే, అక్క మాట్లాడకుండా వాటిని తీసి సర్దేది. చిన్నప్పటి నుంచీ అంతే.

ఒక సాయంత్రం అక్క కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది.

"లెక్క కుదరట్లేదే."

"ఎక్కడ?"

"ఎత్తు వీధి దగ్గర. ట్యాంకు నుంచి వదులుతున్న నీళ్ళకీ ఇళ్ళకి చేరుతున్న నీళ్ళకీ పొంతనే లేదు. అక్కడికొచ్చేసరికి బోలెడన్ని నీళ్ళు మాయమైపోతున్నాయి."

"పైపు పగిలిందేమో!"

"పగిలితే నేల తడవాలి కదా. వీధి ఎండిపోయి ఉందని నువ్వే రాశావు. ఎవరో వాడుకుంటున్నారు. వాళ్ళు మన మ్యాపులో లేరు."

ఎత్తు వీధి అంటే ఊరి చివర కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఎక్కే ఇళ్ళ వరుస. ఆ ఇళ్ళకి కాగితాలు లేవని నీళ్ళ ఆఫీసు ఎప్పుడూ కనెక్షన్ ఇవ్వలేదు. ఇవ్వకపోతే ఊరుకుంటారా? తలా ఒక చెయ్యి వేసి, కింద పెద్ద పైపుకి తామే కన్నం పెట్టుకుని, సన్న గొట్టాలు పైదాకా లాక్కున్నారు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఒక్క మా మ్యాపుకే తెలియదు. మా మ్యాపులో ఆ వాలు మీద గడ్డి కూడా లేదు, ఒట్టి తెల్లటి ఖాళీ.

"ఆ కొళాయిలు ఎక్కించకపోతే నా మోడల్ ఎప్పటికీ నిలబడదు" అంది అక్క. "నీ నోటికి ఇప్పుడు పని పడింది. వెళ్ళి మాట్లాడు."

మర్నాడు గొడుగన్నని వెంటపెట్టుకుని వెళ్ళాను. అతను మా కంపెనీలోనే సర్వేయరు. ఎండలో పరికరం తెర కనపడదని ఎప్పుడూ దాని మీద గొడుగు పట్టుకుని నిలబడేవాడు. "చదివింది సర్వే, చేసేది నీడ ఇచ్చే పని" అని తనమీద తనే జోకు వేసుకునేవాడు. మేం మెట్లెక్కడం మొదలుపెట్టగానే పైనుంచి కిందిదాకా తలుపులు టపటపా మూసుకున్నాయి. ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని, కాళ్ళ దగ్గర సగం నిండిన బకెట్టు పెట్టుకుని, "మాకు కొళాయా? మేం ఎరగం" అన్నాడు. బకెట్టులో నీళ్ళు ఇంకా ఊగుతూనే ఉన్నాయి.

తలుపు వెయ్యనిది ఒక్క ఇల్లే. వేద్దామన్నా ఆవిడ చేతులు ఖాళీగా లేవు. మోచేతుల దాకా నీలంరంగు, పెద్ద తొట్టిలో బట్టల్ని కర్రతో కలుపుతోంది. వెలిసిపోయిన బట్టలకి మళ్ళీ రంగు వేసి ఇవ్వడం ఆవిడ బతుకుతెరువు. వీధంతా ఆవిడని రంగుల పిన్ని అంటారు. అన్నం లేకపోయినా ఒక పూట గడుస్తుందేమో గానీ, నీళ్ళు లేకపోతే ఆ ఇంట్లో పని ఒక్క గంట కూడా సాగదు.

"ఏ ఆఫీసు?" అంది తల ఎత్తకుండా.

"నీళ్ళ ఆఫీసు... అంటే వాళ్ళకి మ్యాపు గీసిపెట్టే కంపెనీ."

"అంటే నీళ్ళ ఆఫీసే. చుట్టూ తిప్పుతావెందుకు?"

గొడుగన్న పక్కకి తిరిగి నవ్వు ఆపుకున్నాడు. నేను అక్కడే మెట్టు మీద చతికిలబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. మీరు లేరనుకుని లెక్కలు వేస్తున్నారు పిన్నీ, మీరున్నారని తెలిస్తేనే రేపు ఈ వాలుకి సరిపడా పైపు వేస్తారు, లెక్కలోకి ఎక్కకపోతే ఎప్పటికీ ఈ సన్న గొట్టాలే గతి, అని.

"ఎక్కాక కోసేస్తే?"

"కొయ్యడానికి ఎవరి ఇల్లో తెలియాలి కదా! నేను ఇళ్ళ మీద చుక్క పెట్టను. వీధి మధ్యలో పెడతాను. ఈ వరుసలో ఉన్న కొళాయిలన్నీ ఆ ఒక్క చుక్కలో కలిపేస్తాను. ఎన్ని నీళ్ళన్నది తెలుస్తుంది, ఎవరు పట్టుకున్నారన్నది తెలియదు."

ఇది నేను అప్పటికప్పుడు కనిపెట్టింది కాదు. అక్కా నేనూ ముందే అనుకున్న పద్ధతి. అక్క "అలా అయితే సరిపోతుందిలే" అంది. అందుకే అంత ధైర్యంగా చెప్పాను.

"చూపించు" అంది పిన్ని.

తెర మీద చూపించాను. నీలం చేతులు వెనక్కి పెట్టుకుని వంగి చూసింది. "ఇంకాస్త అవతలికి జరుపు. మా గుమ్మానికి దగ్గరగా ఉంది." జరిపాను. "ఇంకాస్త." జరిపాను. "చాల్లే, పక్కవాళ్ళ గుమ్మంలోకి తోసేస్తావు నువ్వు" అని గట్టిగా నవ్వింది. తర్వాత చేతులు తుడుచుకుని, నా కళ్ళల్లోకి చూసి అడిగింది.

"మాటేనా?"

"మాటే పిన్నీ."

అంతే. ఆ తర్వాత తలుపులు ఎలా తెరుచుకున్నాయో చెప్పలేను. పిన్ని ముందు నడుస్తూ, "ఒరేయ్ తీయండ్రా, మన పిల్లే" అని కేకలు పెట్టేది. ఎరగనన్న ముసలాయనే తన మంచం తనే ఎత్తి, కింద బండ జరిపి, దాని కింద కొళాయి చూపించాడు. చూపించి చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు. స్నానాలగది గోడ వెనక ఒకటి, కోళ్ళగూడు అడుగున ఒకటి, మెట్టు పక్కన గోనెపట్టా కప్పి ఒకటి. కొందరైతే ఎంత తెలివిగా దాచారో ప్రత్యేకంగా చూపించి మెచ్చుకోమన్నారు. మెచ్చుకున్నాను.

మా పరికరం పద్ధతి ఏమిటంటే, నేను ఎక్కడ నిలబడి మీట నొక్కితే అక్కడే చుక్క పడుతుంది. దాని కింద గుర్తుకి ఒక ముక్క రాసుకోవాలి. ఇంటికొచ్చాక ఆ చుక్కలన్నిటినీ లాగి వీధి మధ్యలో ఒక్కటిగా చేసేదాన్ని. అసలు చుక్కలూ, నా రాతలూ నా కంప్యూటర్లోనే ఉండిపోయేవి. అవి ఎవరికీ పంపలేదు.

ఎత్తు వీధి అయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క నా తలకి నూనె పెడుతోంది. ఎండకి మాడు మండిపోతోందని నేను మూలుగుతుంటే తనే కూర్చోబెట్టింది. వేళ్ళతో మెల్లగా రాస్తూ, "ఇంకా కుదరట్లేదే" అంది.

"ఇప్పుడేమైంది?"

"అన్నీ తెచ్చి ఒక్క చుక్కలో పెట్టావు. ఆ చుక్క వాలు మధ్యలో ఉంది. పైనున్న ఇంటికీ కిందున్న ఇంటికీ ఎత్తులో ఎంత తేడా! కింద కొళాయి ధారగా వస్తుంది, పైన చుక్కచుక్కగా వస్తుంది. నా మోడల్‌కి అందరూ ఒకే ఎత్తులో ఉన్నట్టు కనిపిస్తోంది. ఇలా లెక్కేసి పైపు వేస్తే పైవాళ్ళకి నీళ్ళెక్కవు. నువ్వు మాట ఇచ్చింది వాళ్ళకేగా?"

"అయితే?"

"అసలు చుక్కలు ఇవ్వు. ఏ కొళాయి ఎంత ఎత్తులో ఉందో తీసుకుంటాను, అంతే."

"ఇవ్వను. మాటిచ్చాను."

అక్క వేళ్ళు ఆగాయి. "ఎవరికి ఇవ్వనని మాటిచ్చావు? ఆఫీసుకి. నేను ఆఫీసునా?" అంది. కోపంగా కాదు, నొచ్చుకున్నట్టు. "నా కంప్యూటరు దాటి పోదు. నన్ను కూడా నమ్మవుటే?"

నూనె చేతుల మధ్య తల పెట్టుకుని ఆ ప్రశ్నకి ఎవరైనా ఏం జవాబు చెబుతారు? బల్ల ఈ కొసనించి ఆ కొసకి ఫైలు పంపాను. నేను ఇచ్చింది మా అక్కకి. ఎవరేమన్నా ఇప్పటికీ ఆ మాటే అంటాను.

లెక్క కుదిరింది. కుదరడమంటే అలా ఇలా కాదు, అతికినట్టు కుదిరింది. మోడల్ చెప్పిన ఒత్తిడీ, మేం కొళాయి దగ్గర కొలిచిన ఒత్తిడీ పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉన్నాయి. నీళ్ళ ఆఫీసులో పెద్ద మీటింగు పెట్టారు. గోడ నిండా మా మ్యాపు. ఎత్తు వీధి మధ్యలో నా చుక్క ఒంటరిగా, బుద్ధిగా కూర్చుని ఉంది. దాన్ని చూడగానే ఊపిరి పీల్చుకున్నాను. పెద్దసారు, అంటే నీళ్ళ ఆఫీసుకి పై అధికారి, లేచి మాట్లాడుతూ మా ఇద్దరినీ నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. టీ విరామంలో అక్కని పక్క గదిలోకి పిలిచాడు. అక్క తిరిగొచ్చేసరికి ముఖం వెలిగిపోతోంది.

"మోడల్ విభాగం కొత్తగా పెడుతున్నారే. నన్ను రమ్మన్నారు. పర్మనెంటు."

ఇంటికెళ్ళేదాకా కూడా ఆగలేక దారిలోనే అమ్మకి ఫోన్ చేశాం. ఐస్‌క్రీం కొనుక్కుని వెళ్ళి, చాలా రోజుల తర్వాత బల్ల మీద వైర్లన్నీ పక్కకి నెట్టి, ముగ్గురం కూర్చుని తిన్నాం. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను అక్క గిన్నెలోంచి కూడా లాక్కుని తిన్నాను. అక్క గిన్నె నావైపు జరిపింది.

ఆ వారం నుంచి నేనూ గొడుగన్నా ఊరికి అవతలి కొసన పని మొదలుపెట్టాం. ఒకరోజు గుంత తెరిచి వంగి చూస్తున్నాను, ఫోన్ మోగింది. రంగుల పిన్ని.

"మీ వాళ్ళు వచ్చారు" అంది.

"ఎవరు పిన్నీ?"

"నువ్వు రా." పెట్టేసింది.

నేను వెళ్ళేసరికి ఎత్తు వీధి మెట్ల నిండా మట్టి. నీళ్ళ ఆఫీసు పనివాళ్ళు కింది నుంచి వరసగా కోసుకుంటూ వస్తున్నారు. సన్న గొట్టం కొయ్యడం, మూతి మూయడం, పైమెట్టు ఎక్కడం. మధ్యాహ్నం ఎండ నెత్తిన ఉంది. ఆడవాళ్ళు గుమ్మాల్లో నిలబడి చూస్తున్నారు. వాళ్ళ మేస్త్రీ చేతిలో టాబ్లెట్ పట్టుకుని, ముసలాయన ఇంటి ముందు ఆగి, గట్టిగా చదివాడు.

"మంచం కింద, బండ ఎత్తాలి. తాతగారు సిగ్గరి."

అది నా రాత. గుర్తు కోసం, సరదాకి రాసుకున్న రాత. మేస్త్రీ నవ్వాడు. "ఎవరు రాశారో గానీ భలే రాశారు, వెతుక్కునే పనే లేదు" అన్నాడు తనవాళ్ళతో.

ముసలాయన లోపలికి వెళ్ళి తనే మంచం పక్కకి జరిపాడు. బయటికొచ్చి నన్ను చూశాడు. "ఆ రోజు నీకు చూపించాం కదమ్మా" అన్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. చెంప పగలగొట్టినా నిలబడి ఉండేదాన్ని.

"ఆపండి! ఎవరు చెప్పారు మీకు? ఈ ఫైలు ఎవరిచ్చారు?" అని మేస్త్రీ మీద పడ్డాను. అతను పాపం కంగారుపడి తెర నావైపు తిప్పాడు. "ఆఫీసు నుంచే వచ్చింది మేడం. ఎండాకాలం కదా, నీళ్ళు చాలక ముందు వీటిని తీసెయ్యమన్నారు. మోడల్ సెక్షన్ నుంచి వచ్చిన మ్యాపు" అన్నాడు.

నా చుక్కలు. ఒక్కొక్కటీ నేను నిలబడిన చోటే, ఒక్కో ఇంటి మీద.

అక్కడితో అయిందనుకుంటే, అసలు దెబ్బ ఇంకా ముందుంది. మేస్త్రీ రంగుల పిన్ని గుమ్మం ముందుకొచ్చాడు. తెర చూశాడు. వేలితో అటూ ఇటూ జరిపాడు. "ఇక్కడేం లేదు, పదండి" అని పై మెట్టు ఎక్కేశాడు. లోపల పిన్ని తొట్టిలోకి కొళాయి ధారగా పడుతోంది. ఆ చప్పుడు వీధిలో అందరికీ వినపడుతోంది. నేను పిన్ని వైపు చూశాను. పిన్ని వీధి వైపు చూస్తోంది. వీధంతా పిన్ని వైపు చూస్తోంది. ఇంటింటికీ తిప్పి తలుపులు తీయించింది ఎవరు? ఇప్పుడు నీళ్ళున్నది ఎవరికి? ఇంక నోటితో అడగాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.

ఇంటికెళ్ళేసరికి అక్క మంచం మీద కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. నావి కూడా.

"నువ్విచ్చావా?"

ఏమిటని అడగలేదు. "అడిగారు, ఇచ్చాను" అంది. "సర్వే చేయించుకున్నది వాళ్ళు. అది నీ సొంత ఆస్తి కాదు, నాదీ కాదు. ఊళ్ళో సగం మందికి మంచినీళ్ళు లేవు ఈ ఎండల్లో. వచ్చే ఏడాది కొత్త పైపు వేసి వీళ్ళకి కనెక్షన్లు ఇస్తామంటున్నారు, కాగితాలతో సహా. ఒక్క ఎండాకాలం ట్యాంకరు నీళ్ళు తెచ్చుకుంటారు. ఏమవుతుంది?"

"నీ కంప్యూటరు దాటి పోదన్నావు."

"అప్పుడు అలాగే అనుకున్నాను."

"ఎప్పుడిచ్చావు?"

అక్క నా చున్నీ తీసి మడతపెట్టి, దానిమీద మరో మడత వేసింది. "మీటింగు రోజు. పక్క గదిలో."

"అంటే ఇక్కడ కూర్చుని ఐస్‌క్రీం తింటున్నప్పుడు నీకు తెలుసు."

"తెలుసు."

అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అక్క గొంతు తగ్గించింది. "నువ్వు బాధపడతావనే ఒక ఇల్లు తీసేశాను. నీ రంగుల పిన్నిది. నీకు ఆవిడంటే ఇష్టం కదా. ఎవరికీ తెలియదు ఆ సంగతి. నా ఉద్యోగం పణంగా పెట్టి చేశాను, నీ కోసం."

అలా చెప్పినప్పుడు మా అక్క ముఖంలో ఉన్నది ప్రేమే. అదే నన్ను చంపేసింది. ఏమీ తెలియని మనిషి చేస్తే తిట్టి ఊరుకుందును. నన్ను పుట్టినప్పటి నుంచీ ఎరిగిన మనిషి, నా మాట అంటే ఏమిటో తెలిసిన మనిషి, దాన్ని తీసుకెళ్ళి పక్క గదిలో టీకప్పు పక్కన పెట్టి వచ్చింది. వచ్చి నా తల నిమిరింది.

"మీ అక్క నీ మంచికే చేసి ఉంటుందే" అంది అమ్మ.

"నా మంచికి చెయ్యొద్దని చెప్పు ఇంక" అన్నాను.

నాలుగైదు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగాను. పెద్దసారు ఎదుట నోటికొచ్చిందల్లా అరిచాను. ఆయన తీరుబడిగా విని, "మీ అక్కగారిని చూసి నేర్చుకోండి" అన్నాడు. గొడుగన్న నన్ను బయటికి లాక్కొచ్చాడు.

ఆ తర్వాత ఎత్తు వీధి ఎక్కాను. ఎక్కడానికి మొహం చెల్లక రెండుసార్లు కిందనుంచే తిరిగొచ్చాను గానీ, మూడోసారి ఎక్కాను. మెట్ల పొడుగునా గుమ్మాల పక్కన నిండు బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. ట్యాంకరు నీళ్ళు కాబోలనుకున్నాను. పిన్ని ఇంటికి వెళితే తొట్టి ఎండిపోయి ఉంది. ఆవిడ చేతులకి రంగు లేదు. మొదటిసారి ఆ చేతుల అసలు రంగు చూశాను.

"కొళాయి వస్తోంది కదా పిన్నీ, పని ఎందుకు ఆపేశావు?"

"నీళ్ళు లేనివాళ్ళు నిలబడి చూస్తుంటే తాగేవాడికి గొంతు దిగుతుందా?" అంది. "బిందెలు చూశావుగా. పొద్దున్నే నింపి ఇంటింటికీ నేనే పెట్టి వచ్చాను. ఒక్కరు ముట్టుకోలేదు. ముసలాయన నాతో మాట్లాడి ఎన్నాళ్ళో అయినట్టుంది. నేను అమ్ముకున్నానంట వీధిని. నీకు చూపించింది అందుకేనంట."

"నేను చెప్తాను అందరికీ. అక్క చేసిందని చెప్తాను, నీకేం తెలియదని ఒట్టేసి చెప్తాను."

పిన్ని నన్ను జాలిగా చూసింది. ఎగతాళి కాదు, జాలే. "నువ్వు చెప్తే వింటారా?"

నేను ఎండిన తొట్టి పక్కన కూర్చుండిపోయాను.

"నాదీ తీయించు" అంది.

"పిన్నీ! నీ పని..."

"నేనే కట్టేసుకుంటే నాటకం అంటారు. మీ వాళ్ళే రావాలి, అందరి ముందూ కొయ్యాలి. నీ చేతిలో ఉంది కదా ఆ మిషను, నొక్కు."

వాదించాను, బతిమాలాను, ఏడ్చాను కూడా. ఆవిడ కొళాయి పక్కన నిలబడి అలాగే చూస్తోంది. సంచీలోంచి పరికరం తీశాను. గొడుగు పట్టేవాళ్ళు లేక తెర సరిగా కనపడలేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని మీట నొక్కాను. చుక్క పడింది. వీధి మధ్యలో కాదు, ఆవిడ ఇంటి మీద. కింద గుర్తు రాసే చోట ఏమీ రాయలేకపోయాను. అలాగే నీళ్ళ ఆఫీసుకి పంపేశాను.

ఆ సాయంత్రం అక్క తన తెర మీద కొత్త చుక్క చూసి నా గదిలోకి వచ్చింది. "నీకు పిచ్చా? నేను అంత కష్టపడి తప్పించింది... తీసేస్తున్నాను దాన్ని."

"తీసేస్తే పెద్దసారు దగ్గరికెళ్ళి నువ్వు ముందే ఒకసారి తీసేశావని చెప్తాను."

అక్క తెల్లబోయింది. మా అక్కని నేను బెదిరిస్తానని మా ఇద్దరిలో ఎవరమూ ఏనాడూ అనుకోలేదు. తలుపు పట్టుకుని, "నన్ను ఇంత పరాయిదాన్ని చేసేశావా?" అని అడిగింది. నేను బట్టలు సంచీలో పెట్టుకుంటున్నాను. గొడుగన్న వాళ్ళమ్మ పైగది ఖాళీగా ఉందంది. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది గానీ, నా చెయ్యి తగలగానే పక్కకి జరిగింది.

మర్నాడు పొద్దున్న పనివాళ్ళు వచ్చారు. నేనూ వెళ్ళాను. వీధంతా బయటికొచ్చి చూసింది. మేస్త్రీ గొట్టం కోసి మూతి బిగించేదాకా పిన్ని గుమ్మంలో తల ఎత్తుకునే నిలబడింది. పనివాళ్ళు దిగిపోయాక కింద ట్యాంకరు హారన్ వినిపించింది. అందరూ బిందెలు తీసుకుని మెట్లు దిగడం మొదలుపెట్టారు. ముసలాయన పిన్ని గుమ్మం దాకా వచ్చి ఆగాడు. "బిందె తెచ్చుకో, ఆలస్యమైతే దొరకవు" అన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని లోపలికి పరిగెత్తింది.

ఒక బిందె ఆవిడ చంకన పెట్టుకుంటే, రెండోది నేను అందుకున్నాను. ఆవిడ వద్దనలేదు. ట్యాంకరు దగ్గర వరసలో ఆవిడ వెనకాలే నిలబడ్డాను. ముందువాళ్ళు పిన్నికి చోటిచ్చారు. ఎవరో ఏదో అంటే పిన్ని నవ్వింది కూడా. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. గొట్టం పట్టుకున్న ట్యాంకరు మనిషి వరసని చూస్తూ నా దగ్గర ఆగాడు.

"వీధి వాళ్ళకే పోస్తాం. ఈవిడ మీ మనిషేనా?" అని పిన్నిని అడిగాడు.

పిన్ని వెనక్కి తిరిగింది. నన్ను చూసింది. కోపమేమీ లేదు ఆ ముఖంలో.

"కాదు. ఆఫీసు మనిషి" అంది. నా చేతిలో బిందె మెల్లగా తీసుకుని, గొట్టం కింద పెట్టింది.